హోమోసిస్టీన్ ఎక్కువైతే ఏది మేలు: ఫోలిక్ యాసిడ్ ఒక్కటా, మూడు బి విటమిన్లు కలిసిన మాత్రా?

రక్తపరీక్షలో హోమోసిస్టీన్ 28 మైక్రోమోల్స్ అని వచ్చింది. పక్కనే 15 దాటకూడదని అచ్చయి ఉండటంతో మా మేనమామ కంగారుపడ్డారు. పక్షవాతం రాకుండా ఏది వేసుకోవాలో చెప్పమంటూ మందుల షాపు నుంచి తెచ్చిన రెండు రకాల మాత్రలు నా ముందు పెట్టారు. ఒకటి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. రెండోది ఫోలిక్ యాసిడ్, బి6, బి12 మూడూ కలిసినది.

మనం తినే మాంసకృత్తుల్లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి హోమోసిస్టీన్ పుడుతుంది. ఫోలేట్ (దీని మాత్ర రూపమే ఫోలిక్ యాసిడ్), బి12 దాన్ని తిరిగి మెథియోనిన్‌గా మారుస్తాయి. బి6 సాయంతో మరికొంత సిస్టీన్ అనే ఇంకో అమైనో ఆమ్లంగా మారిపోతుంది. కాబట్టి ఈ విటమిన్లు తగ్గితే హోమోసిస్టీన్ పేరుకుంటుందనడంలో సందేహం లేదు. అది ఎక్కువున్నవారిలో పక్షవాతం ఎక్కువగా కనిపిస్తుంది గాని, దాన్ని మాత్రలతో దించితే పక్షవాతం కూడా తగ్గుతుందా అన్నదే చిక్కు ప్రశ్న.

ఫోలిక్ యాసిడ్ పక్షాన ఉన్న గట్టి సాక్ష్యం 2015లో వెలువడిన చైనా అధ్యయనం. రక్తపోటు ఉండి, అంతకుముందు పక్షవాతం గాని గుండెపోటు గాని రాని 20,702 మందిలో సగం మందికి ఎనలాప్రిల్ అనే బీపీ మందు ఒక్కటే ఇచ్చారు. మిగతా సగానికి దానితోపాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలిపి ఇచ్చారు. సుమారు నాలుగున్నరేళ్లలో మొదటి వర్గంలో 3.4 శాతం మందికి, రెండో వర్గంలో 2.7 శాతం మందికి పక్షవాతం వచ్చింది. అంటే వెయ్యిమందిలో ఏడుగురు తప్పించుకున్నారు. ఇది చిన్న ఫలితమేమీ కాదు గాని, అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి కాదనీ, ఒంట్లో ఫోలేట్ తక్కువగా ఉన్నవారికే లాభం ఎక్కువగా కనిపించిందనీ మరువకూడదు. అన్నట్టు, మామయ్య తెచ్చిన మాత్రలో ఉన్నది ఆ మోతాదుకు ఆరు రెట్ల పైమాటే.

మూడు విటమిన్ల మాత్ర కథ ఇంత సూటిగా లేదు. 2004లో వచ్చిన విస్ప్ అధ్యయనంలో, అప్పటికే పక్షవాతం వచ్చిన 3,680 మందికి ఎక్కువ మోతాదు ఇచ్చినా, తక్కువ మోతాదు ఇచ్చినవారితో పోలిస్తే రెండేళ్లలో ఒరిగిందేమీ లేదు. 2006 నాటి హోప్-2 అధ్యయనంలో గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు గాని, పక్షవాతం మాత్రం సుమారు నాలుగో వంతు తగ్గింది. 2010లో విటాటాప్స్ అధ్యయనం 8,164 మందిని పరిశీలించగా, పక్షవాతం, గుండెపోటు, రక్తనాళాల జబ్బుతో మరణం కలిపి లెక్కిస్తే విటమిన్లు తీసుకున్నవారిలో 15 శాతం, తీసుకోనివారిలో 17 శాతం అని తేలింది. మాత్రల వల్లనే తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆ తేడా చాలలేదు. అదే ఏడాది, మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్న 238 మందిపై జరిగిన మరో అధ్యయనంలో అధిక మోతాదు బి విటమిన్లు వాడినవారి మూత్రపిండాలు మరింత త్వరగా క్షీణించాయి. అందుకే, విటమినే కదా, హాని ఏముంటుందనే మాట నాకు నచ్చదు.

పక్షవాత నివారణ మాట వరకే అయితే, రక్తపోటు ఉండి ఇంకా పక్షవాతం రానివారికి తక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ వైపే నా మొగ్గు. అయితే మామయ్య శాకాహారి, పదేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నారు. ఈ రెండూ బి12ను తగ్గించేవే. బి12 లోపం ఉన్న మనిషి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, నరాల నష్టం మాత్రం లోలోపల సాగిపోతూనే ఉంటుంది. ఫోలేట్ పాలకూరలోనూ కందిపప్పులోనూ దొరుకుతుంది గాని, బి12 శాకాహారికి పాలు, పెరుగు వంటి వాటి నుంచే రావాలి.

హోమోసిస్టీన్ అంకెకూ ఒక మెలిక ఉంది. తీసిన రక్తాన్ని మంచులో ఉంచి త్వరగా ప్లాస్మా (కణాలు కాక మిగిలే ద్రవం) వేరు చేయకపోతే, ఎర్రకణాలు హోమోసిస్టీన్ విడుదల చేస్తూ పోయి అంకె పెరిగిపోతుంది. అందుకని మళ్లీ పరగడుపున రక్తం ఇప్పించాం; బి12 కూడా చూడమన్నాం. హోమోసిస్టీన్ 24, బి12 బాగా తక్కువ. డాక్టరు రెండు మాత్రలనూ పక్కన పెట్టి బి12 సూదులు రాశారు. ఆ తర్వాత బీపీ చూస్తే 164/98. బీపీ మాత్ర మామయ్య రెండు నెలల కిందటే మానేశారట.