పసారా లైసెన్సు: ఒక జిల్లాకా, ఐదింటికా, రాష్ట్రమంతటికా?

సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది లైసెన్సు ఫీజు ఎంత అనే. దానికి జవాబు తేలికే. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టంలోనే, అంటే అందరూ పసారా అని పిలిచే చట్టంలోనే, అది రాసి ఉంది. ఒక జిల్లాలో పనిచేయడానికి 5,000 రూపాయలు, ఐదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రమంతటా అయితే 25,000. ఏది తీసుకున్నా లైసెన్సు ఐదేళ్లు నడుస్తుంది.

నెలకు లెక్కగడితే ఒక జిల్లాకు 83 రూపాయలు, ఐదింటికి 167, రాష్ట్రానికి 417. ముప్పైమంది గార్డులున్న ఏజెన్సీకి రాష్ట్ర లైసెన్సు కూడా మనిషికి నెలకు పద్నాలుగు రూపాయల లోపే పడుతుంది. ‘ఈ మాత్రం దానికి ఆలోచన ఎందుకు, పెద్దదే తీసేసుకోండి’ అనే సలహా ఇక్కడి నుంచే వస్తుంది. ఫీజు వరకు ఆ సలహాలో తప్పు లేదు. కానీ ఏజెన్సీ డబ్బు కరిగిపోయేది ఫీజు దగ్గర కాదు.

ముందు జిల్లాల సంగతి చూద్దాం. చట్టం వచ్చేనాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 23. హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి జిల్లా ఉండేది, పటాన్‌చెరు వైపు వెళ్తే మెదక్ తగిలేది. మూడు జిల్లాల పేర్లు రాస్తే నగరమూ శివార్లూ దాదాపు అయిపోయేవి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019కి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. చట్టంలోని ఫీజు శ్లాబులు (ఒకటి, ఐదు, రాష్ట్రం అనే మూడు మెట్లు) మాత్రం ‘జిల్లా’ అనే కొలతనే పట్టుకుని ఉన్నాయి. అంటే అదే 5,000కు ఇప్పుడు వచ్చే భూమి తగ్గింది. ఫీజు పెంచకుండానే పెరిగిందన్నమాట!

హైదరాబాద్‌లో ఏజెన్సీ పెట్టేవాళ్లకు ఇది నేరుగా తగులుతుంది. ఆఫీసు అమీర్‌పేటలో ఉంటే అది హైదరాబాద్ జిల్లా. గచ్చిబౌలిలో అపార్ట్‌మెంట్ పాయింట్, అంటే గార్డులను పెట్టే చోటు, దొరికితే రంగారెడ్డి. కొంపల్లి, ఉప్పల్, జీడిమెట్ల అయితే మేడ్చల్ మల్కాజిగిరి. పాశమైలారం ఫ్యాక్టరీ అయితే సంగారెడ్డి. ఇక్కడ ఒక్క జిల్లా లైసెన్సు తీసుకోవడం దండగ, మొదటి ఏడాదిలోనే చేతులు కట్టేస్తుంది. ఐదు జిల్లాల శ్లాబే సరైనది. పై నాలుగూ రాశాక ఐదో గడి ఖాళీగా వదలొద్దు. బీబీనగర్, చౌటుప్పల్ వైపు పని వస్తుందనుకుంటే యాదాద్రి భువనగిరి, తూప్రాన్ వైపు అయితే మెదక్ రాసుకోవచ్చు. పోలీసు కమిషనరేట్ హద్దులు, జిల్లా హద్దులు ఒకటి కావు. పాయింట్ ఏ పోలీస్ స్టేషన్ కిందకు వస్తుందో చూసి జిల్లా పేరు రాసేవాళ్లు ఇక్కడే తడబడతారు.

విశాఖలోనూ ఇదే కథ. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ ఒకప్పుడు విశాఖ జిల్లాలోనివి. ఇప్పుడు అవి అనకాపల్లి జిల్లా. భోగాపురం విజయనగరం జిల్లా. అక్కడా ఐదే మేలు. కరీంనగర్, నెల్లూరు లాంటి ఊళ్లలో ఆసుపత్రులు, షోరూములు, ఫంక్షన్ హాళ్లు నమ్ముకుని మొదలుపెట్టేవాళ్లకు ఒక్క జిల్లా చాలు. అక్కడ పోటీ ధర మీద ఉండదు, యజమాని ఫోన్ చేస్తే ఎంత తొందరగా వస్తాడన్నదాని మీద ఉంటుంది.

ఇక రాష్ట్ర లైసెన్సు. దీని అసలు ఖర్చు సూపర్‌వైజర్ల లెక్కలో ఉంది. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలి. గార్డులు వేర్వేరు చోట్ల చెదిరి ఉండి ఒక్కడు చూసుకోవడం కుదరకపోతే, కనీసం ఆరుగురికి ఒకరు ఉండాలి. ముప్పైమంది ఒకే ఫ్యాక్టరీలో ఉంటే ఇద్దరు సూపర్‌వైజర్లతో సరిపోతుంది. అదే ముప్పైమంది ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా రెండేసి మూడేసి పాయింట్లలో ఉంటే ఐదుగురు కావాలి. ముగ్గురి జీతం అదనం, అదీ నెలనెలా, పెట్రోలు ఖర్చు వేరే. పైగా సూపర్‌వైజర్ల నియామకంలో సైన్యం, పోలీసు లాంటి సర్వీసుల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతుంది. అలాంటివాళ్లు తక్కువ జీతానికి దొరకరు. ఈ లెక్క ముందు 25,000కూ 10,000కూ తేడా ఏపాటిది?

కాబట్టి రాష్ట్ర లైసెన్సు ఎవరికి పనికొస్తుందంటే, చాలా జిల్లాల్లో శాఖలున్న బ్యాంకుకో, గోడౌన్ల సంస్థకో టెండరు వేసేవాళ్లకు. టెండరు పత్రంలో ఆ జిల్లాల పేర్లు కనిపిస్తుంటే తీసుకోండి. రేపెప్పుడో వస్తుందన్న ఆశతో అయితే వద్దు. అన్నట్టు, రాష్ట్రం అంటే ఒక్క రాష్ట్రమే. కోదాడలో ఏజెన్సీ ఉన్నవాళ్లు జగ్గయ్యపేటలో పాయింట్ పెట్టాలంటే తెలంగాణ మొత్తానికి లైసెన్సున్నా చెల్లదు, ఆంధ్రప్రదేశ్‌లో విడిగా తీసుకోవాలి. గల్ఫ్‌కు గార్డులను పంపే ఆలోచన ఉంటే అదింకా పెద్ద తతంగం. కంట్రోలింగ్ అథారిటీ, అంటే రాష్ట్రంలో ఈ లైసెన్సులిచ్చే అధికారి, అనుమతి కావాలి, అనుమతి ఇచ్చే ముందు వాళ్లు కేంద్రాన్ని సంప్రదించాలి.

వెరిఫికేషన్ విషయానికొస్తే, యజమానికి జరిగే విచారణ ఏ శ్లాబుకైనా ఒకటే. రెండేళ్లు లేదా అంతకు మించి జైలు పడే నేరంలో శిక్ష పడినవాళ్లు, కంపెనీ వ్యవహారాల్లో మోసానికి శిక్ష పడినవాళ్లు, నిషేధిత సంస్థలతో సంబంధం ఉన్నవాళ్లు, దుష్ప్రవర్తన కారణంగా ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగించబడినవాళ్లు అనర్హులు. పెండింగ్ కేసులుంటే అఫిడవిట్‌లో చెప్పాలి. పోలీసుల నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, రావాలి. సక్రమంగా ఉన్న దరఖాస్తు మీద అరవై రోజుల్లో నిర్ణయం చెప్పాలని చట్టం అంటుంది. దాచకుండా రాసేవాళ్లకు ఇందులో టెన్షన్ పెద్దగా లేదు.

టెన్షన్ అంతా గార్డుల దగ్గరే. గార్డుగా పెట్టుకునే మనిషి నడవడి గురించి ఏజెన్సీకి నమ్మకం కుదరాలి. దానికి నమూనా నియమాల్లో రెండు దారులున్నాయి. ఏజెన్సీ తానే విచారించుకోవచ్చు, లేదా ఆ మనిషి తెచ్చిన, గడువు దాటని వెరిఫికేషన్ సర్టిఫికెట్‌ను నమ్మవచ్చు. గత ఐదేళ్లలో అతను ఎన్ని జిల్లాల్లో ఉంటే అన్ని ఫారాలు నింపాలి. ఊరివాడికి ఇది ఒక ఫారంతో పోతుంది. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి, మధ్యలో సూరత్‌లో కొన్నాళ్లు పనిచేసిన కుర్రాడికి మూడు ఫారాలు, మూడు చోట్ల నుంచి జవాబులు. పాయింట్ మాత్రం సోమవారం నుంచే మనిషి కావాలంటుంది. ఈ ఒత్తిడిలోనే ఆధార్ జిరాక్స్ తీసుకుని డ్యూటీలో పెట్టేస్తారు. ఆధార్ అతనెవరో చెబుతుంది, అతని మీద కేసుందో లేదో చెప్పదు. జిల్లాలు పెంచుకున్న కొద్దీ తెలియని మనుషులను ఇలా హడావుడిగా తీసుకోవాల్సి వస్తుంది. చిన్న శ్లాబు వైపు నేను మొగ్గడానికి సగం కారణం ఇదే.

కొత్తవాళ్లా, మాజీ సైనికులా అనే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. నమూనా నియమాల్లో కొత్తవాళ్లకు 100 గంటలు తరగతి, 60 గంటలు ఫీల్డ్, కనీసం ఇరవై పనిదినాల శిక్షణ ఉంది. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40, 16 గంటలు, ఏడు పనిదినాలు. జీతం ఎక్కువ అడుగుతారు నిజమే, కానీ మొదటి పది పాయింట్లకు వాళ్లే మేలు. వాళ్లలో ఒకరిద్దరు సూపర్‌వైజర్లుగానూ అక్కరకొస్తారు.

లైసెన్సు లేకుండా, ‘ఫలానా పెద్ద ఏజెన్సీ పేరు మీద నడుపుకో, బిల్లులో పర్సెంటేజీ ఇవ్వు’ అనే నాలుగో దారి కూడా ఒకటి చెబుతుంటారు. లైసెన్సు లేకుండా ఈ వ్యాపారం చేయకూడదని చట్టం నాలుగో సెక్షన్ సూటిగానే చెప్పింది. దానికి చట్టంలో రాసిన జరిమానా 25,000 దాకా, అంటే సరిగ్గా రాష్ట్ర లైసెన్సు ఫీజంత. కాకపోతే దానికి తోడు ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

లైసెన్సు చేతికొచ్చాక ఆరు నెలల్లో పని మొదలుపెట్టాలి, గడువు తీరడానికి కనీసం 45 రోజుల ముందు రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి. కొత్తగా దిగేవాళ్లు పెద్ద నగరంలో ఉంటే ఐదు జిల్లాలు, చిన్న ఊళ్లో ఉంటే ఒకటి తీసుకుని మొదలుపెట్టండి. రాష్ట్రమంతా కావాలో వద్దో రెన్యువల్ నాటికి మీ పాయింట్ల జాబితా చూసి తేల్చుకోవచ్చు.