‘బైశే శ్రాబణ్’ ముందా, ‘వించీ దా’ ముందా?

బెంగాలీలో మంచి సైకలాజికల్ థ్రిల్లర్ సినిమా ఏదని ఎవరడిగినా నా నోట వచ్చేవి ఈ రెండు పేర్లే. రెండూ శ్రీజిత్ ముఖర్జీ తీసినవే. ఒకటి 2011లో వచ్చింది, రెండోది 2019లో. కథల ముగింపులు మాత్రం చెప్పను, ధైర్యంగా చదవండి.

బైశే శ్రాబణ్ అంటే బెంగాలీ పంచాంగం ప్రకారం శ్రావణం 22. 1941లో రవీంద్రుడు కన్నుమూసిన రోజు. కలకత్తాలో వరుసగా హత్యలు జరుగుతుంటాయి, శవం పక్కన ఒక కవిత ముక్క దొరుకుతుంటుంది. పోలీసులకు దిక్కు తోచక, ఉద్యోగం పోయి ఇంట్లో తాగుతూ కూర్చున్న ప్రబీర్ రాయ్ చౌధురిని పిలుస్తారు. నోరు తెరిస్తే బూతే. అంత పెద్ద హీరో ప్రసేన్‌జిత్ ఛటర్జీ ఆ పాత్రకు ఒప్పుకోవడమే గొప్ప.

కానీ నన్ను వదలనిది నిబారణ్ చక్రవర్తి. బెంగాలీ సాహిత్యంలో తిరుగుబాటు చేసిన ‘హంగ్రీ జనరేషన్’ కవుల్లో మిగిలిపోయిన మనిషి, అర్ధరాత్రి వీధుల్లో తన కవితలు చదువుకుంటూ తిరుగుతాడు. ఆ పాత్ర వేసింది మరో దర్శకుడు గౌతమ్ ఘోష్. రవీంద్రుణ్ని ఎదిరించే కవిగా ఆ పేరును తన ‘శేషేర్ కవిత’ నవలలో పుట్టించింది రవీంద్రుడే! 1961లో మొదలైన హంగ్రీ కవుల మీద 1964లో అరెస్టులు జరిగాయి. మరుసటి ఏడే హైదరాబాద్‌లో మన దిగంబర కవులు ఒక రిక్షా కార్మికుడి చేత పుస్తకం ఆవిష్కరింపజేశారు. దిగంబర కవుల్ని చదివినవాళ్లకు నిబారణ్ పరాయివాడు అనిపించడు.

చిక్కల్లా సబ్‌టైటిల్స్‌తోనే. కవితే ఇక్కడ క్లూ. ఆ లయ కింద పడే ఇంగ్లిష్ అక్షరాల్లోకి రాదు. నేను మొదటిసారి చూసినప్పుడు పదే పదే ఆపి, వెనక్కి వెళ్లి, ఆ పాదాలను మళ్లీ విన్నాను. అలా ఆపుతూ చూస్తే టెన్షన్ తగ్గిపోతుంది.

‘వించీ దా’కి ఆ ఇబ్బంది లేదు. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది. ఆది బోస్, పద్దెనిమిదేళ్లు నిండకముందే తండ్రిని చంపినవాడు. చట్టం వదిలేసిన నేరస్తులను తానే శిక్షించాలన్నది అతని పిచ్చి. రిత్విక్ చక్రవర్తి ఆ పిచ్చిని ఎంత మామూలుగా చూపిస్తాడంటే, పక్కింటి మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అతనికి కావలసింది ఇంకొకరి ముఖం. అది తయారుచేసేవాడు మేకప్ కళాకారుడు వించీ దా, అంటే రుద్రనీల్ ఘోష్. లియొనార్డో దావించి అంటే ప్రాణం, చేతిలో అపారమైన పనితనం, అవకాశం ఇచ్చేవాడు మాత్రం లేడు. ఇన్నాళ్లకు ఒకడు వచ్చి నీ పనే కావాలంటే కాదనగలడా? తన చేతులతో చేసిన ముఖం ఎందుకు పనికొచ్చిందో తెలిశాక అతని పరిస్థితి చూడండి. మనసును కోసి చూపడమంటే అదీ.

మలుపు చూసి ఉలిక్కిపడాలంటే ‘బైశే శ్రాబణ్’కి తిరుగులేదు. అయినా బెంగాలీ రాని తెలుగువాళ్లకు ‘వించీ దా’నే ముందు చూడమంటాను. కవిత్వం మీద మమకారం ఉంటే మాత్రం ఈ మాట పక్కన పెట్టి ‘బైశే శ్రాబణ్’తో మొదలెట్టండి.

2023లో వచ్చిన ‘దశమ్ అవతార్’ మాత్రం ఆఖరికి ఉంచుకోండి. కథ వీటికన్నా వెనకటిదే, కానీ ‘బైశే శ్రాబణ్’లోని ప్రబీర్, ‘వించీ దా’లోని ఇన్‌స్పెక్టర్ పోద్దార్ అందులో కలిసి పనిచేస్తారు. ఇద్దరూ ఎలాంటివాళ్లో ముందే తెలిసుంటేనే దాని రుచి.