క్యాన్సర్ పరిశోధనకు తొలి డబ్బు: యూనివర్సిటీ సీడ్ గ్రాంటా, ఢిల్లీ గ్రాంటా?

ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, క్యాన్సర్ మీద పని చేయాలనుకునేవారిని వేధించే ప్రశ్న ఇది.

డబ్బు: సీడ్ గ్రాంట్, అంటే పని మొదలుపెట్టడానికి సొంత యూనివర్సిటీ ఇచ్చే డబ్బు, చిన్నది. సెల్ లైన్లు (ల్యాబ్‌లో పెంచే కణాలు), మీడియా (వాటిని పెంచే ద్రవం), యాంటీబాడీలు కొనేసరికే అయిపోవచ్చు. ఢిల్లీలోని ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) వారి ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంట్ మూడేళ్లకు 60 లక్షల వరకు ఇస్తుంది.

శ్రమ: సీడ్‌కు చిన్న ప్రపోజల్, చూసేది మన కమిటీయే. ఢిల్లీకి దేశమంతా పోటీ, నెలల తరబడి టెన్షన్. వయోపరిమితీ ఉంటుంది.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. ప్రాథమిక ఫలితాలు లేని ప్రపోజల్‌ను చూస్తే, ఆ ల్యాబ్‌లో ఈ పని జరుగుతుందా అని రివ్యూయర్లు అనుమానిస్తారు. ఆ అనుమానం తీర్చడానికే సీడ్ డబ్బు. దాంతో దయచేసి మెషీన్ కొనకండి. విశాఖలో ఎవరి మెషీన్‌నైనా అడిగి వాడుకోండి. రోగుల శాంపిళ్లతో మొదలుపెడితే ఎథిక్స్ కమిటీ అనుమతికే గ్రాంట్ గడువు కరిగిపోతుంది. పుణెలోని జాతీయ కణ పరిశోధన సంస్థ ఎన్‌సీసీఎస్ నుంచి సెల్ లైన్ తెప్పించుకుని, ఒకే ప్రశ్నకు గట్టి జవాబు రాబట్టడం మేలు.

పీహెచ్‌డీ అవగానే చేరి, చేతిలో సొంత డేటా లేకపోతే ముందు సీడ్. పోస్ట్‌డాక్‌లో పేపర్లు వచ్చి ఉంటే, వయసు గడువు దగ్గర పడుతుంటే, ఆలస్యం చేయకుండా నేరుగా ఢిల్లీకే.