ఇషాపూర్ జి.ఎఫ్. రైఫిలు, గ్రెనేడ్ కప్పు, స్లింగు: ఏడాది దగ్గర ఉంచుకున్నాక నా అభిప్రాయం

ముందు కొయ్య చుట్టూ ఒత్తుగా రాగి తీగ చుట్టి, ఆ చుట్ల మీద టంకం పోసిన .303 రైఫిలును మొదటిసారి చూసినవారు, విరిగిన తుపాకికి ఎవరో కట్టు కట్టారనే అనుకుంటారు. నిజానికి అది తెలిసి చేసిన పని. గ్రెనేడు పేల్చడానికి కేటాయించిన రైఫిలుకే ఆ తీగ చుట్టేవారు. మన పోలీసు, సైనిక వాడుకలో దీని పేరు జి.ఎఫ్. రైఫిలు, అంటే గ్రెనేడ్ ఫైరింగ్ రైఫిలు. గత ఏడాది ఒహాయోలో జరిగిన పాత ఆయుధాల ప్రదర్శనలో ఈ రైఫిలును, దాని మూతికి బిగించి గ్రెనేడును కూర్చోబెట్టే గిన్నెలాంటి ఇనుప కప్పును కొన్నాను. నెల తిరిగేలోగా దానికి తగిన స్లింగును, అంటే భుజాన తగిలించుకునే పట్టీని, విడిగా తెప్పించుకున్నాను. మూడింటినీ కలిపే సమీక్షిస్తున్నాను. సేకరించేవారిలో చాలామంది రైఫిలును, కప్పును శ్రద్ధగా పరీక్షించి, స్లింగును మాత్రం అలంకారంగా భావించి దొరికినది తగిలిస్తారు. ఏడాది పాటు దీన్ని భుజాన వేసుకుని, దించి, విప్పి, తుడిచి చూశాక, అది పొరపాటని నాకు గట్టిగా అనిపించింది.

ముందుగా రైఫిలు సంగతి. ఇది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. కుడివైపు, బట్ అనే వెనుక కొయ్య మెడ దగ్గరి లోహపు పట్టీ మీద కిరీటం గుర్తు, దాని కింద రాజు పేరుకు సంకేతమైన జి.ఆర్.ఐ. అక్షరాలు, ఆ కింద ఇషాపూర్ పేరు, 1943 సంవత్సరం ఇప్పటికీ స్పష్టంగా చదవవచ్చు. పొడవు సుమారు 113 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు కొద్దిగా తక్కువ, మేగజీనులో పది తూటాలు పడతాయి. బట్ అడుగున ఉన్న ఇత్తడి రేకుకు చిన్న తలుపు ఉంది. దాన్ని తెరిస్తే నూనె బుడ్డి, గొట్టం లోపల తుడిచే పుల్‌త్రూ తాడు దాచుకునే గూడు కనిపిస్తుంది. నాకు దొరికిన దానిలో నూనె బుడ్డి లేదు, పుల్‌త్రూ తాడు మాత్రం ఉంది, నల్లబడి గట్టిపడిపోయి.

రాగి తీగ నా రైఫిలుకు రెండు చోట్ల ఉంది. మొదటిది మూతి కొసన ఉండే లోహపు తొడుగుకూ మధ్య పట్టీకీ నడుమ, రెండవది ఆ పట్టీ వెనుక. వేలితో తడిమితే చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు తెలియనంత బిగువుగా చుట్టారు. టంకం కొన్నిచోట్ల బొట్లు బొట్లుగా గడ్డకట్టి ఉంది. ఒకచోట ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే ఉద్యోగి) చేతిలోని టంకం కడ్డీ జారి కొయ్య మీద పడినట్టు గోరంత కాలిన మచ్చ కూడా ఉంది. కొందరు అమ్మకందారులు ఇలాంటి మచ్చలను గరుకు కాగితంతో రుద్ది, కొయ్యకు కొత్త రంగు పూసి అమ్ముతున్నారు. అలా మెరిసేదానికంటే ఈ మచ్చ ఉన్నదానికే నేను ఎక్కువ ధర ఇస్తాను.

తీగ ఎందుకు చుట్టారో తెలియాలంటే రైఫిలుతో గ్రెనేడు పేల్చడం ఎలా మొదలైందో కొంత చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం తొలి ఏళ్లలో బ్రిటిష్ సైన్యం గ్రెనేడుకు సన్నటి పొడవాటి ఇనుప కడ్డీ అమర్చి, ఆ కడ్డీని గొట్టంలోకి దించి, గుండు లేని తూటాతో పేల్చేది. హేల్స్ గ్రెనేడు ఈ పద్ధతిలోదే. బర్మింగ్‌హామ్‌కు చెందిన విలియం మిల్స్ 1915లో తెచ్చిన ప్రసిద్ధ గ్రెనేడును కూడా కడ్డీ తగిలించి 23వ నంబరు పేరుతో వాడారు. కడ్డీ పద్ధతిలో పెద్ద లోపం గొట్టానికి జరిగే నష్టం. వాయువు ఒక్కసారిగా కడ్డీ మొదలును ఢీకొనడంతో గొట్టం లోపల ఉంగరంలా ఉబ్బు ఏర్పడి, ఆ రైఫిలు ఇక గురి చూసి కాల్చడానికి పనికిరాకుండా పోయేది.

ఆ కష్టానికి విరుగుడుగా వచ్చినదే కప్పు. గ్రెనేడు అడుగున గుండ్రటి రేకు బిగించి, దాన్ని మూతికి అమర్చిన రెండున్నర అంగుళాల వ్యాసం గల కప్పులో కూర్చోబెట్టి, గుండు లేని తూటాను పేలిస్తే, వాయువు ఆ రేకును తన్ని గ్రెనేడును పైకి పంపుతుంది, గొట్టంలోకి ఏ కడ్డీ దిగదు. ఇందుకు అనువుగా రూపొందిన మిల్స్ గ్రెనేడు 36వ నంబరు 1918లో వచ్చింది. వేడి, తేమ ఉన్న ప్రాంతాలకోసం లక్క పూసి కట్టుదిట్టం చేసిన రకానికి 36ఎమ్ అని పేరు పెట్టారు. ఆ ఎమ్ మెసొపొటేమియాను, అంటే నేటి ఇరాక్ ప్రాంతాన్ని, సూచిస్తుంది. మన సైనికులు వేల సంఖ్యలో పోరాడి, కూట్ ముట్టడిలో ఆకలితో అలమటించిన మెసొపొటేమియా అదే. ఆ ఒక్క అక్షరం వెనుక ఉన్న ఎండను, ఇసుకను మన పాఠకులు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఫ్రెంచి సైన్యం ఇదే కాలంలో వేరే దారి పట్టింది. వారి వివియన్ బెస్సియేర్ గ్రెనేడుకు నడిమధ్య ఒక రంధ్రం ఉండేది. మామూలు తూటానే పేలిస్తే గుండు ఆ రంధ్రం గుండా దూసుకుపోతూ లోపలి ఫ్యూజును రగిలించేది, వెనుకనుంచి వచ్చే వాయువు గ్రెనేడును విసిరేది. ప్రత్యేకమైన తూటా వెతుక్కోవలసిన పని లేకపోవడం అందులోని సౌలభ్యం. కందకంలో, చీకట్లో, బురద చేతులతో జేబులోని తూటాల మధ్య సరైనదాన్ని ఎంచుకోవలసిన మనిషి వైపు నుంచి చూస్తే ఫ్రెంచి పద్ధతే మేలైనదని నా అభిప్రాయం. అయితే బ్రిటిష్ పద్ధతిలో చేతితో విసిరే గ్రెనేడే రైఫిలుకూ పనికివస్తుంది. సరఫరా చూసుకునేవారికి అది చిన్న లాభం కాదు.

ముప్పాతిక కిలోకు పైగా బరువున్న ఇనుప ముద్దను పదేపదే పంపే రైఫిలు భుజానికి ఆనించి కాల్చేది కాదు. బట్‌ను నేలకు ఆనించి, ఏటవాలుగా నిలిపి పేల్చాలి. ఆ తన్నుకు ముందు కొయ్య చీలిపోయేది. చీలకుండా పట్టి ఉంచడానికి, ఒకవేళ గొట్టం పగిలినా ముక్కలు పేల్చేవాడి మీదికి రాకుండా ఆపడానికి తీగ చుట్టారు. జిల్లా సాయుధ రిజర్వులో ఆర్మరర్‌గా పనిచేసి విరమించిన మా పెదనాన్నకు వీడియో కాల్‌లో రైఫిలు చూపించినప్పుడు, ఆయన ముందుగా చూపించమన్నది తీగనే. "తీగ కొస ఎక్కడ ముగిసిందో చూపించరా. కొస లేచి ఉంటే చెయ్యి కోసుకుంటుంది. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో చిందీ గుడ్డతో తుడిచేటప్పుడు కుర్రాళ్ల వేళ్లు తెగేవి" అన్నారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటే ఆయుధాలు భద్రపరిచే గది. చూస్తే కొస నిజంగానే అడుగువైపు టంకం లోపలికి వంచి అదిమి ఉంది. నాకు అంతవరకు అది కనిపించనే లేదు.

కప్పు విషయానికి వస్తే, నాకు దొరికినది ఆ వయసుకు మంచి స్థితిలోనే ఉంది. లోపలి గోడ నున్నగా ఉంది, అంచుకు ఒక సొట్ట ఉంది. కప్పు అడుగున వాయువు బయటికి పోయే రంధ్రం, దాన్ని తెరిచే మూసే పలక ఉంటాయి. ఇందులోని తెలివంతా అక్కడే ఉంది. రైఫిలు వాలు మార్చనక్కర లేకుండా, రంధ్రాన్ని ఎంత తెరిస్తే గ్రెనేడు అంత దగ్గర పడుతుంది, పూర్తిగా మూస్తే దాదాపు 200 గజాలు వెళుతుంది. నా కప్పులో ఆ పలక తుప్పుతో బిగుసుకుపోయి కదలలేదు. రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టి, కొయ్య పుల్లతో మెల్లగా తడితే కదిలింది. సుత్తితోనో ఇనుప పనిముట్టుతోనో తొందరపడవద్దని కొనేవారికి నా మనవి. ఆ పలక అంచు ఒకసారి విరిగితే మరొకటి దొరకడం కష్టం. మూతి తొడుగును పట్టుకునే కొక్కేలు కూడా అరగకుండా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. నా కప్పు బిగించాక వెంట్రుకవాసి ఊగుతుంది, ప్రదర్శనకు అది ఇబ్బంది కాదు.

ఇక స్లింగు. ఈ రైఫిలుకు స్లింగు తగిలించే స్వివెళ్లలో, అంటే లోహపు కడియాల్లో, ఒకటి మధ్య పట్టీకి, రెండవది బట్ అడుగున ఉంటాయి. మామూలు రైఫిలుగా భుజాన వేసుకుంటే బరువు చక్కగా నిలుస్తుంది. మూతికి ఇనుప కప్పు చేరగానే ఆ పొందిక పోతుంది. పై స్వివెలుకు చాలా పైన బరువు ఉండడంవల్ల, నడిచేటప్పుడు రైఫిలు తల వెనక్కి వాలి, కప్పు అంచు భుజం వెనుక తగులుతూ ఉంటుంది. స్లింగు నాలుగు వేళ్లంత పొట్టి చేస్తే రైఫిలు ఒంటికి అంటుకుని ఆ ఊపు తగ్గుతుంది. కానీ బట్ నేలకు ఆనించే సమయానికి అదే స్లింగు బిగువుగా ఉండి చేతికి అడ్డు వస్తుంది. కప్పును ఎప్పుడూ మూతికే ఉంచకుండా విడిగా గుడ్డ సంచిలో మోసేవారంటే, కారణం ఇల్లు దాటకుండానే నాకు అర్థమైంది. త్వరగా బిగించడానికీ త్వరగా వదులు చేయడానికీ వీలున్న స్లింగే ఈ రైఫిలుకు తగినది.

బ్రిటిష్ నమూనా నేత స్లింగులో ఆ వీలు ఉంది. మందపాటి నూలు పట్టీ రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు ఉంటాయి. పట్టీని స్వివెలులోంచి దూర్చి వెనక్కి మడిచి, ఇత్తడి తొడుగు వంకర అంచులను పట్టీ మీదికే తొడిగితే అక్కడ పట్టుకుంటుంది. బకిలు, మేకు ఏవీ లేవు. పొడవు మార్చాలంటే తొడుగును వేలితో జరిపితే చాలు. అదే కాలపు అమెరికా తోలు స్లింగు, అంటే 1907 నమూనా, గురి కుదరడానికి చేతికి చుట్టుకునే ఏర్పాటుతో ఎంతో శ్రద్ధగా రూపొందినది. కానీ దాని రంధ్రాలు, ఇత్తడి కొక్కేలు సర్దుకోవడానికి తీరిక కావాలి. గురి కోసం అదే మేలు, గ్రెనేడు కోసం ఇది మేలు.

నేను మొదట కొన్నది పాత నమూనా అని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మిన కొత్త స్లింగు. అమ్మినవారి పేరు చెప్పను, వస్తువు సంగతి మాత్రం చెబుతాను. ధర 24 డాలర్లు. నేత చూపులకు బాగుంది, రంగూ దగ్గరగానే ఉంది. ఇత్తడి తొడుగులు మాత్రం పలుచని రేకుతో చేసి, అంచులకు ఆకురాయి కూడా పెట్టకుండా వదిలేశారు. పది పన్నెండు సార్లు జరిపేసరికి పట్టీ అంచు పోగులు లేచాయి. నెలన్నర తిరిగేసరికి ఒక తొడుగు వదులై, మెట్లు దిగుతుండగా పట్టీ జారి రైఫిలు నా చేతిలోకి పడింది. పట్టుకోగలిగాను కాబట్టి సరిపోయింది. లేకుంటే ఎనభై ఏళ్ల కొయ్య ఆ సిమెంటు మెట్ల మీద పడేది. విషయం రాస్తే వస్తువు అలంకారానికే అని బదులిచ్చారు. ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు. భారం మోస్తుందని నమ్మి కొనే వస్తువు విషయంలో ఈ నిర్లక్ష్యం నాకు బాధ కలిగించింది.

తర్వాత ఒక సేకర్త దగ్గర యుద్ధకాలపు అసలు స్లింగు దొరికింది. ధర దాదాపు రెట్టింపు. దాని ఇత్తడి మందం గోటితో నొక్కితేనే తెలిసిపోతుంది. పట్టీ మధ్యలో పాత మరక ఉంది, ఒకచోట చేత్తో వేసిన కుట్టు ఉంది. అప్పటినుంచి ఎన్నిసార్లు జరిపినా తొడుగు ఒక్కసారీ జారలేదు. ఎవరైనా అడిగితే కొత్త నకలు వద్దనీ, పాతదే వెతకమనీ చెబుతాను.

గ్రెనేడు పేల్చే పరికరం మారుతూ వచ్చేకొద్దీ కొన్నిసార్లు స్లింగు చోటు కూడా మారవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా గారండ్ రైఫిలుకు ఎమ్7 లాంచరు వచ్చింది. మూతికి తొడిగే సన్నటి గొట్టం అది, కాబట్టి స్లింగు జోలికి పోలేదు. అది బిగించి ఉన్నంతసేపూ రైఫిలు తనంతట తాను మళ్లీ నిండేది కాదు. తర్వాత మూతికి తొడిగే గ్రెనేడుకు 22 మిల్లీమీటర్ల కొలత ప్రమాణమైంది. మన ఇన్సాస్ రైఫిలు మూతి కూడా ఆ కొలత గ్రెనేడుకు తగినదే. 1960లలో అమెరికా ఎమ్203, 1970ల చివర సోవియట్ జీపీ25 వచ్చి, లాంచరును గొట్టం కిందికే చేర్చాయి. అక్కడ చోటు నిండిపోయాక గొట్టం కిందనున్న స్వివెలుకు స్లింగు తగిలించడం ఇబ్బందిగా మారి, పక్కన తగిలించే ఏర్పాట్లు వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు మన తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారంలో తయారయ్యే 40 మిల్లీమీటర్ల లాంచరూ గొట్టం కిందే ఉంటుంది. ఈ వరుసంతా చూశాక, ఇషాపూర్ రైఫిలు మధ్య పట్టీ మీదున్న ఆ చిన్న స్వివెలును కప్పు రాకముందే నిర్ణయించారని, కప్పు వచ్చాక ఎవరూ మార్చలేదని స్పష్టమవుతుంది. ఇదే ఈ వస్తువులో నాకు కనిపించిన అసలైన లోపం.

కొనదలచినవారికి కొన్ని మాటలు. మన దేశంలో .303 బోరు (గొట్టం లోపలి వ్యాసం) తుపాకులు ప్రైవేటు వ్యక్తులకు సాధారణంగా నిషిద్ధం. బయటి దేశాల్లో ఉన్నవారు రైఫిలుకూ కప్పుకూ తమ ప్రాంతపు చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోవాలి. నేను ఈ రైఫిలులో ఒక్క తూటా కూడా పేల్చలేదు, పేల్చను. తీగ ఉందంటే గొట్టం కష్టకాలం చూసిందని అర్థం. నాదాన్ని తుపాకుల మరమ్మతు నిపుణుడికి చూపిస్తే, లోపల మసి, గుంటలు ఉన్నాయనీ, గోడకు వేలాడదీయడానికే వాడమనీ చెప్పాడు. చరిత్ర కోసం కొనేవారికి మాత్రం ఇది పెట్టిన ప్రతి డాలరుకూ తగినది. పరిస్థితిని బట్టి కప్పు లేకుండా రైఫిలు కొన్నా పరవాలేదు, కానీ తీగ ఒలిచేసినదాన్ని కొనవద్దు.

పెదనాన్న చివరగా చెప్పిన జాగ్రత్త ఒకటి ఉంది. రాత్రి తుపాకులు లెక్కపెట్టి రాక్‌లో నిలిపే ముందు ప్రతి స్లింగునూ వదులు చేయించేవారట. బిగించి ఉంచితే నూలు పట్టీ తేమకు ముడుచుకుని మధ్య పట్టీని ఒకవైపు లాగుతుందని ఆయన కారణం చెప్పారు. ఇక్కడ మా ఇంట్లో వేసవి ఉక్కలో పట్టీ బిగుసుకోవడం నేనూ గమనించాను. ఇప్పుడు నా రైఫిలు గోడకు కొయ్య మేకుల మీద అడ్డంగా ఉంటుంది, స్లింగు తొడుగును చివరి వరకు జరిపి వదిలేస్తాను, కప్పును విప్పి, నూనె రాసి, కింది అరలో గుడ్డలో చుట్టి పెడతాను.