పాత ట్రక్కులో టైర్ ప్రెషర్ సెన్సర్లు: లోపలివి మార్చాలా, మూత సెన్సర్లు బిగించాలా?

డ్యాష్‌బోర్డులో టైర్ లైటు స్టార్ట్ చేయగానే నిమిషం పైగా మిణుకుమిణుకుమని, తర్వాత ఆగకుండా వెలుగుతుంటే చాలా బండ్లలో అది గాలి తగ్గిన గుర్తు కాదు, సిస్టమ్ లోపం. ఎక్కువగా సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. దాని ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లు. సీలు చేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఒక్కటే మార్చలేం.

లోపలి సెన్సర్ మార్చాలంటే టైరును రిమ్ము నుంచి విడదీయాలి. అందుకే కొత్త టైర్లు వేసేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చడం తెలివైన పని. ఒకటి పోయిందంటే మిగతావీ వరసలో ఉన్నట్టే. మీ బండి సెన్సర్ రేడియో సిగ్నల్ 315 మెగాహెర్ట్జ్‌దా, 433దా అని ముందే చూసుకోవాలి. తప్పుడుది కొంటే బండి దాన్ని అసలు గుర్తించదు. ప్రోగ్రామబుల్ సెన్సర్‌లో పాత సెన్సర్ ఐడీ (గుర్తింపు నంబరు) నకలు చేస్తే రీలెర్న్ (కొత్త సెన్సర్‌ను బండికి మళ్లీ గుర్తు చేయించడం) అక్కర్లేదు. అల్యూమినియం కాడలో (గాలి కొట్టే వాల్వ్ గొట్టంలో) నికెల్ పూత ఉన్న వాల్వ్ కోర్ (గాలిని ఆపే లోపలి పిన్ను భాగం) మాత్రమే వేయాలి. మామూలు ఇత్తడిది తుప్పుతో ఇరుక్కుపోతుంది, విప్పబోతే కాడే విరుగుతుంది.

మూత సెన్సర్లయితే వాల్వ్ మీద తిప్పి బిగించడమే. బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. కానీ అవి వాల్వ్ పిన్నును నిత్యం నొక్కి ఉంచుతాయి, వాషర్ పాడైతే గాలి అక్కడి నుంచే కారుతుంది. పాత రబ్బరు కాడలు ఆ బరువుకు ఊగి పగులుతాయి, లోహపు కాడలుంటేనే వాడండి. సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. డ్యాష్‌బోర్డు లైటు మాత్రం ఆరదు.

టైర్లు ఇంకా పూర్తిగా అరగకపోతే, కొత్తవి వేసేదాకా మూత సెన్సర్లు చాలు.