ధవళేశ్వరం లాకుల నుంచి నర్సాపురం పంటు దాకా

కోనసీమలో పడవ ప్రయాణం అనగానే చాలామంది దిండి హౌస్‌బోటు దగ్గరే ఆగిపోతారు. అక్కడి హరిత రిసార్టులో కొబ్బరిచెట్ల మధ్య బస హాయిగానే ఉంటుంది, కాదనలేం. కాకపోతే ఆ హౌస్‌బోటు కేరళ నమూనా. ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం ఈ ప్రాంతంలో ఎలా కదిలేవో తెలియాలంటే రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం వెళ్లాలి.

1852లో ఇక్కడ గోదావరి మీద ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి కాలువలు సాగునీటితోపాటు సరుకునూ మోశాయి. కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలు కలిశాక కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలోనే పోగలిగేవారు. కాటన్ మ్యూజియానికి గంట చాలు. మిగతా సమయం లాకుల దగ్గర, అంటే కాలువలో ఎగువ మట్టం నుంచి దిగువ మట్టానికి పడవల్ని దింపే తలుపుల గదుల దగ్గర గడపండి.

దిగువకు పోయే పడవని లోపలికి తీసుకుని పై తలుపులు మూసేవారు. కింది షట్టర్లు ఎత్తితే లాకులో నీళ్లు మెల్లగా దిగేవి. జోడు తలుపుల మొన ఎగువకి ఉంటుంది కాబట్టి నీటి ఒత్తిడే వాటిని బిగించేస్తుంది. రెండువైపులా మట్టం సమానమయ్యేదాకా ఎంతమంది తోసినా కదలవు. తలుపుల కింద ఉండే గడప మీద కొయ్యముక్క ఇరుక్కుంటే తలుపులు సరిగా కలవవు, నీళ్లు కారిపోతూ మట్టం కుదరదు.

గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గడ, రెండూ కుదరకపోతే గట్టు మీంచి తాడుతో లాగడమే. తాడుని పడవ ముక్కుకి కాక తెరచాప కొయ్యకి, ఎత్తులో కట్టేవారు. ముక్కుకి కడితే పొదల్లో చిక్కుకుంటుంది, పడవ గట్టువైపు తిరిగిపోతుంది.

వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. పారే నీళ్లు చూడాలంటే అప్పుడు వెళ్లొద్దు. లాకు గడప, అడుగు కట్టడం చూడాలనుకునేవాళ్లకి మాత్రం అదే అదను.

దారిలో పి.గన్నవరం పాత అక్విడక్టు దగ్గర కాసేపు ఆగితే చాలు. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించిన కట్టడం అది.

సఖినేటిపల్లి–నర్సాపురం రేవులో పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే బల్లకట్టు మాత్రం తప్పక ఎక్కండి. పడవలు జతకట్టి పైన బల్లలు పరిచి ఎడ్లబళ్లని దాటించిన పద్ధతికి ఇది వారసురాలు. బండి ఎక్కించేటప్పుడు ఎడ్లని విప్పి, చక్రాలకి అడ్డు పెట్టేవారు. ఇప్పుడు కారుకీ హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచాలి. బరువు మధ్యలో ఉండాలి, ఒక పక్కకి చేరితే పంటు ఒరుగుతుంది. సముద్రపు పోటు తగ్గినప్పుడు దిగే వాలు నిటారవుతుంది, కింద ఎత్తు తక్కువున్న కార్లకి అడుగు తగులుతుంది. వరదల్లో పంటు ఆపేస్తారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో అయితే కారు వదిలి నడిచి ఎక్కడమే నయం.