డయాలసిస్‌వారికి కాలి బరువు పట్టీ: ఏది కొనాలి, ఎలా వాడాలి

డయాలసిస్ మిషన్ మీద ఉండగానే కాళ్ల కసరత్తు చేయడానికి చీలమండ దగ్గర కట్టుకునే బరువు పట్టీనే వెయిట్ కఫ్ అంటారు. కడపలో సర్జికల్ షాపుకెళ్లి అడిగితే రెండు రకాలు ఉంటాయి. ఒకటి ఇసుక పోసి కుట్టేసింది. రెండోది చిన్న జేబుల్లో బరువు ముక్కలు పెట్టి తీసుకునేది. డయాలసిస్ చేయించుకునేవారికైతే రెండోదే కొనండి. అరకిలోతో మొదలుపెట్టి అదే పట్టీలో కిలో, కిలోన్నర దాకా పోవచ్చు. ఇసుకదైతే బరువు పెంచిన ప్రతిసారీ కొత్త జత కొనాల్సిందే, పైగా కుట్టు వదిలిందంటే ఇసుకంతా పరుపు మీదే. గుడ్డ కన్నా రెక్సిన్ మేలు. వాడాక తుడిచేయొచ్చు. ఒకరి పట్టీ ఇంకొకరికి కట్టొద్దు.

పట్టీకి బదులు కసరత్తుకు సాగదీసే రబ్బరు బ్యాండు చౌకే గానీ, 40 డిగ్రీలు దాటే మన ఎండలకు దాని లేటెక్సు రబ్బరు పగుళ్లు బారి, లాగుతుండగానే తెగొచ్చు. పక్కనే రక్తం పారే గొట్టాలున్నప్పుడు అది తెగి కొట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మిషన్ దగ్గర అది వద్దే వద్దు.

బీపీ, గుండె పరిస్థితి చూసి డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మిషన్ ఎక్కిన మొదటి రెండు గంటల్లోనే చేయాలి. ఆ తర్వాత ఒంట్లోంచి నీరు చాలా పోయి ఉంటుంది, బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం అప్పుడే ఎక్కువ. మోకాలి కింద దుప్పటి చుట్ట పెట్టి, మూడు లెక్కపెడుతూ కాలు చాపి, నాలుగు లెక్కపెడుతూ దించాలి. ఎనిమిది సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఎనిమిది. లేపేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ ఎగబాకుతుంది. కష్టంగా ఉన్నా మాట తడబడకూడదు. పదేసి చొప్పున మూడు విడతలు తేలిగ్గా అయితేనే ఇంకో ముక్క కలపండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడానికి కావలసిన తొడ కండ బలపడేది దీనితోనే.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి ఈ పట్టీ ఎన్నడూ చుట్టకూడదు. బిగిస్తే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. తొడలో క్యాథెటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టిన గొట్టం) ఉంటే ఆ కాలికి ఈ కసరత్తు లేదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తే వెంటనే ఆపి సిస్టర్‌కు చెప్పాలి.

ఈ పట్టీలతో అసలు ఇబ్బంది వెల్క్రో. దానికి దూది, దారాలు అంటుకుంటే పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే మళ్లీ పట్టుకుంటుంది. కాళ్ల వాపు రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి నిన్నటి బిగువు ఇవాళ సరిపోదు. లోపల రెండు వేళ్లు దూరేలా కట్టండి. షుగర్ వల్ల పాదం మొద్దుబారినవారు మేజోడు మీద కట్టుకుని, తీశాక చర్మం ఒరుసుకుపోయిందేమో చూసుకోవాలి. వారికి నొప్పి తెలియదు.

కసరత్తు అయ్యాక దాహమేస్తుంది. డాక్టరు చెప్పిన కొలతలోనే నీళ్లు తాగాలి. నీరసమని కొబ్బరినీళ్లో, ఓఆర్‌ఎస్సో ఇస్తుంటారు ఇంట్లోవాళ్లు. వాటిలో పొటాషియం ఉంటుంది, ఒంట్లో అది పెరిగితే గుండె ఆగే ప్రమాదముంది. చప్పరించడానికి చిన్న ఐసు ముక్క ఇవ్వండి, దాన్నీ నీళ్ల లెక్కలోనే వేయండి.